చేత్తో రీలోడ్ చేయబోతే చుక్కలు చూపించే తూటాలు: ఏవి, ఎందుకు, ఎలా దారికి తేవాలి?

ఇత్తడిమూతి (చర్చ మొదలుపెట్టినవారు)

.38 స్పెషల్‌తోనో .308తోనో రీలోడింగ్ (కాల్చిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్, అంటే పౌడర్‌ని వెలిగించే చిన్న మూత, పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేయడం) నేర్చుకున్నవాళ్లకి అన్ని తూటాలూ ఇలాగే మాట వింటాయన్న ధీమా వచ్చేస్తుంది. ప్రెస్ మారదు, చెయ్యి మారదు. క్యాలిబర్ మారగానే మాత్రం మూతులు నలుగుతాయి, బుల్లెట్లు లోపలికి జారతాయి, కేసు డైలో (దాన్ని ఆకారానికి తెచ్చే ఉక్కు అచ్చులో) ఇరుక్కుంటుంది. అలాంటి మొండి తూటాలన్నిటినీ ఒకచోట చేరుద్దామని ఈ చర్చ. పేరు చెప్పి వదిలేయకండి. ఏ దశలో పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో, దానికి మందేమిటో రాయండి. పౌడర్ తూకాలు మాత్రం ఇక్కడ వద్దు. అవి మీ బుల్లెట్‌కీ మీ పౌడర్‌కీ అచ్చయిన మాన్యువల్‌లోనే చూసుకోవాలి, అందులో ఇచ్చిన ప్రారంభ తూకం నుంచే మొదలుపెట్టాలి.

నా ఓటు .22 హార్నెట్‌కి. 1930లో బజారుకొచ్చిన తూటా. మెడ దగ్గర ఇత్తడి మందం దాదాపు 0.007 అంగుళం, అంటే .308 కేసు మెడలో సగం. బుల్లెట్ కూర్చోబెట్టేటప్పుడు దాని అడుగు అంచు మూతికి రవ్వంత ఒరుసుకున్నా మూతి లోపలికి మడతపడుతుంది. ఒక్కోసారి మూతి బాగానే కనిపిస్తుంది, కానీ షోల్డర్ (మెడకీ ఒంటికీ మధ్య ఏటవాలు భాగం) దగ్గర సన్నటి ఉబ్బు వచ్చి తూటా చాంబర్‌లోకి (తుపాకీలో తూటా కూర్చునే చోటికి) పోనంటుంది. హార్నెట్ షోల్డర్ ఏటవాలుగా జారినట్టుంటుంది. పైనుంచి పడే ఒత్తిడిని నిలబడి ఆపే బలం దానికి లేదు.

పావుతిప్పు

హార్నెట్ గురించి మీరన్నది నిజమే గానీ అది నయమయ్యే జబ్బే. మూడు పనులు వరసగా చేస్తే మూతి నలగడం దాదాపు ఆగిపోతుంది.

మొదటిది, ట్రిమ్ చేశాక (కేసుని సరైన పొడవుకి కోశాక) మూతి లోపలి అంచుని చాంఫర్ చేయడం (ఏటవాలుగా చెక్కడం). ఇత్తడి పలచన కాబట్టి రెండు తేలికపాటి తిప్పులు చాలు. ఎక్కువ తిప్పితే మూతి బ్లేడులా అయిపోయి తర్వాత చీలుతుంది. రెండోది, పిస్టల్ కేసులకి చేసినట్టే ఎక్స్‌పాండర్ డైతో మూతిని కొంచెం విప్పారించడం. బుల్లెట్ అడుగు తనంతట తాను మూతిలో నిలబడితే చాలు, అంతకు మించి వద్దు. మూడోది, సీటింగ్. హ్యాండిల్‌ని ఒకేసారి కిందికి లాగొద్దు. బుల్లెట్ సగం దిగాక హ్యాండిల్ ఎత్తి, కేసుని షెల్ హోల్డర్‌లోనే సగం చుట్టు తిప్పి, మిగతా సగం దించండి. బుల్లెట్ మొదట్లో కాస్త ఒరిగినా రెండో విడతలో సర్దుకుంటుంది. బుల్లెట్‌నీ కేసునీ కలిపి పట్టుకునే స్లీవ్ ఉన్న సీటింగ్ డై దొరికితే ఇంకా మంచిది.

ఇంకొక సంగతి. మామూలు ఫుల్ లెంగ్త్ డైలో (కేసు మొత్తాన్ని నొక్కి అసలు కొలతకి తెచ్చే, అంటే సైజ్ చేసే డైలో) ఎక్స్‌పాండర్ బాల్ (మెడని లోపల్నుంచి వెడల్పు చేసే గుండు) పైకి వచ్చేటప్పుడు ఆ పలచటి మెడని ఈడ్చుకుంటూ వస్తుంది. మెడ వంకరపోవడానికీ కేసు సాగడానికీ సగం కారణం అదే. మెడ లోపల కొంచెం పొడి గ్రాఫైట్ రాయాలి, లేదంటే కోలెట్ డైతో మెడ మాత్రమే సైజ్ చేయాలి.

గ్రెయిన్‌లెక్క

మూతి సంగతి సరే, హార్నెట్‌లో అసలు చిక్కు తూకంలో ఉంది. మాటవరసకి పౌడర్ మెజర్ 0.2 గ్రెయిన్ (పౌడర్ తూచే చిన్న కొలమానం) అటూ ఇటూ వదిలిందనుకోండి. 50 గ్రెయిన్లు పట్టే కేసులో అది 0.4 శాతం. 10 గ్రెయిన్లు పట్టే కేసులో 2 శాతం. ఒకే మెజర్, ఒకే తేడా, గురి మీద ప్రభావం మాత్రం ఐదింతలు. పైగా మూతి సన్నం కాబట్టి పొడుగు రేణువుల పౌడర్ ఫనెల్‌లో అడ్డంపడి ఆగిపోతుంది. ఒక కేసులో తక్కువ పడి, ఆ మిగిలింది తర్వాతి కేసులో పడుతుంది. గుండ్రటి సన్న రేణువుల పౌడర్ వాడండి, .22కి సరిపోయే సన్న మూతి ఫనెల్ పెట్టుకోండి, ప్రతి చార్జినీ తూచండి. ట్రేలో అన్నిటినీ నింపాక టార్చిలైటు వేసి పౌడర్ మట్టం ఒకే ఎత్తులో ఉందో లేదో చూడటం తప్పనిసరి.

పాత రైఫిళ్లున్నవాళ్లకి ఇంకో మాట: మొదటి తరం హార్నెట్ బ్యారెళ్లలో కొన్ని .223 అంగుళాల గ్రూవ్‌తో (బ్యారెల్ లోపలి గాడుల దగ్గర వ్యాసం) ఉంటాయి, ఇప్పటి బుల్లెట్లు ఎక్కువగా .224. బ్యారెల్ కొలవకుండా బుల్లెట్ కొనొద్దు.

నెక్‌బిగువు

హార్నెట్ సతాయిస్తుంది, అంతే. .357 సిగ్ అయితే ప్రమాదం కూడా. 1994లో సిగ్, ఫెడరల్ కలిసి తెచ్చిన ఈ తూటాకి మెడ పొడవు 0.150 అంగుళం మాత్రమే. గరిష్ఠ పీడనం 40,000 పీఎస్ఐ. అంత పీడనంలో, ఆటోమేటిక్ పిస్టల్ మ్యాగజైన్ నుంచి ర్యాంపుకి గుద్దుకుంటూ చాంబర్‌లోకి పోయే బుల్లెట్‌ని పట్టుకోవడానికి ఆ పొట్టి మెడ ఒక్కటే దిక్కు. పట్టు చాలకపోతే బుల్లెట్ కేసులోకి దిగబడుతుంది. లోపలి జాగా తగ్గుతుంది, పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది.

చాలామంది పొరబడే చోటు బుల్లెట్ ఎంపిక. వ్యాసం .355 కదా అని 9ఎంఎం బుల్లెట్లన్నీ దీనికి సరిపోవు. ముక్కు పొడుగ్గా, గుండ్రంగా ఉన్న బుల్లెట్‌ని 1.140 అంగుళాల గరిష్ఠ పొడవుకి దించితే దాని వంపు భాగమే మెడలోకి వచ్చేస్తుంది. అప్పుడు మెడ పట్టుకునేది బుల్లెట్ నిటారు గోడని కాదు, వంపుని. చప్పటి ముక్కు ఉండి నిటారు భాగం ఎక్కువున్న బుల్లెట్లే తీసుకోవాలి. మాన్యువల్‌లో .357 సిగ్ కింద పేరు పెట్టి ఇచ్చిన బుల్లెట్లకే కట్టుబడితే ఈ గొడవ ఉండదు.

బిగువు రావాల్సింది సైజింగ్ నుంచి. క్రింప్ (మూతిని బుల్లెట్ మీదకి నొక్కడం) గట్టిగా చేస్తే పట్టు పెరుగుతుందనుకోవడం తప్పు. అతిగా క్రింప్ చేస్తే బుల్లెట్ నలుగుతుంది, ఇత్తడి మాత్రం కాస్త వెనక్కి స్ప్రింగ్ అవుతుంది, మెడ ఇంకా వదులవుతుంది. మూతి విప్పారింపుని సరిచేసేంత టేపర్ క్రింప్ చాలు. ఎక్స్‌పాండర్ కొలిచి చూడండి. అది పెద్దదైతే కొంచెం సన్నం చేయించుకోవడమే మందు.

కొత్తచెయ్యి

అన్నా, .40 ఎస్ అండ్ డబ్ల్యూ కేసు మెడ నొక్కి .357 సిగ్ చేసుకోవచ్చని అంటారు కదా? .40 కేసులు కుప్పలుగా దొరుకుతాయి.

నెక్‌బిగువు

వద్దు తమ్ముడూ. .357 సిగ్ కేసు పొడవు 0.865 అంగుళం, .40ది 0.850. నొక్కితే వచ్చే మెడ ఇంకా పొట్టిది. ఉన్న పట్టే చాలనిచోట దాన్ని ఇంకా తగ్గించుకోవడం అవుతుంది. అసలు .357 సిగ్ ముద్ర ఉన్న కేసులే వాడు.

.40 డై మాత్రం పనికొస్తుంది. ముందు .40 కార్బైడ్ డైలో (లోపల చాలా గట్టి లోహపు రింగు ఉన్న డైలో) డీక్యాపింగ్ పిన్ (పాత ప్రైమర్‌ని తోసే సూది) తీసేసి కేసు ఒంటిని సైజ్ చేయి, తర్వాత .357 సిగ్ డైలో మెడ, షోల్డర్ సరిచేయి. రెండో దశలో రాపిడి బాగా తగ్గుతుంది. అయినా కొంచెం లూబ్ (జారుడు పూత) రాయాల్సిందే, ఇది బాటిల్‌నెక్ కేసు, అంటే సీసాలా మెడ సన్నబడింది. డైని మరీ కిందికి దించితే షోల్డర్ వెనక్కి పోయి, ఫైరింగ్ పిన్ కొట్టినా ప్రైమర్ సరిగా పేలదు. సైజ్ చేసిన మొదటి కేసుని గేజ్‌లోనో, తీసి పక్కనపెట్టిన బ్యారెల్‌లోనో వేసి చూసుకున్నాకే మిగతావి చెయ్యి.

క్యాలిపర్

పైవాళ్లు చెప్పిన సెట్‌బ్యాక్‌కి (బుల్లెట్ కేసులోకి దిగబడటానికి) రెండు పరీక్షలు. ఒకటి బల్ల మీద: పూర్తయిన తూటా పొడవు కొలిచి, బుల్లెట్ ముక్కుని బల్ల చెక్క అంచుకి ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి మళ్లీ కొలవండి. కొలత కదలకూడదు. రెండోది, పౌడరూ ప్రైమరూ లేని డమ్మీ తూటాని మ్యాగజైన్ నుంచి స్లైడ్ వదిలి చాంబర్ చేసి, తీసి కొలవడం. అదే డమ్మీతో కొన్నిసార్లు చేయండి. పొడవు తగ్గుతూ పోతుంటే ఆ బ్యాచ్ మొత్తం మెడ బిగువు చాలదన్నమాట. .357 సిగ్‌కి ఈ రెండూ చేయకుండా పౌడర్ డబ్బా మూత తీయొద్దు.

మూతికొలత

.30 కార్బైన్ ఇంకా ఎవరూ ఎత్తలేదేం? చూడ్డానికి అమాయకంగా, నిటారుగా ఉంటుంది. నిజానికి కొంచెం టేపర్ ఉంది, అంటే మూతివైపు సన్నబడుతుంది. దానివల్లే తిప్పలన్నీ.

టేపర్ వల్ల కార్బైడ్ డై పెట్టుకున్నా లూబ్ తప్పదు. పొడి కేసుని తోస్తే డై గీతలు పెడుతుంది, లేదా కేసు అక్కడే బిగుసుకుంటుంది. ఇక హెడ్‌స్పేస్ (చాంబర్‌లో తూటా ఎంత లోపలికి పోయి ఆగాలనే కొలత) మూతి మీద నిలబడుతుంది. కేసు గరిష్ఠ పొడవు 1.290 అంగుళం. ప్రతి కాల్పుకీ సాగుతుంది కాబట్టి కొలవడం ప్రతిసారీ చేయాల్సిన పని, పొడవైన వాటిని 1.285 దగ్గరికి ట్రిమ్ చేయాలి. పొడుగు కేసు లోపలికి పోతే బోల్టు పూర్తిగా మూసుకోకముందే మూతి చాంబర్ అంచుకి తగిలి ఆగుతుంది. రోల్ క్రింప్ చేస్తే మూతి లోపలికి ముడుచుకుని హెడ్‌స్పేస్‌కి ఆధారం పోతుంది. టేపర్ క్రింపే చేయాలి.

ప్రైమర్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఎం1 కార్బైన్‌లో ఫైరింగ్ పిన్‌కి వెనక్కి పట్టే స్ప్రింగ్ లేదు, స్వేచ్ఛగా ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ప్రైమర్ కేసు అడుగు మట్టానికి రవ్వంత పైకి ఉన్నా బోల్టు మూసుకునేటప్పుడే పిన్ తగలొచ్చు. ప్రతి ప్రైమర్ మీద వేలు రాసి చూడండి, మట్టం కంటే కొంచెం లోపల ఉండాలి.

ఇత్తడిమూతి

నిజమే, అది మర్చిపోకూడని తూటా. సైనిక కేసుల గురించి కూడా ఎవరైనా రాయండి. ఎక్కువమంది రోజూ కుస్తీ పట్టేది వాటితోనే కదా.

పాకెట్_రింగు

5.56 నాటో. తూటాలో దోషం లేదు, పని మాత్రం తెగదు. సైనిక కేసుల్లో ప్రైమర్ ఊడిపోకుండా పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) చుట్టూ ఇత్తడిని నొక్కి ముద్ర వేస్తారు. పాత ప్రైమర్ ఎలాగోలా బయటికొస్తుంది. కొత్తది మాత్రం ఆ అంచుకి తగిలి పక్కకి నలుగుతుంది, లేదా సగం దిగి ఆగుతుంది. ప్రెస్ మీద బలం పెట్టి దించాలని చూడటం చాలా ప్రమాదం, నలిగే ప్రైమర్ పేలొచ్చు.

ఆ క్రింపుని రెండు రకాలుగా తీస్తారు. స్వేజ్ చేస్తే ఇత్తడి పక్కకి జరుగుతుంది, ఏమీ కోసుకుపోదు, కానీ కేసు అడుగు మందం బట్టి ప్రతి కంపెనీ కేసుకీ టూల్ మళ్లీ సర్దాలి. రీమర్‌తో కోస్తే త్వరగా అవుతుంది, కాకపోతే చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగినా పాకెట్ వదులైపోతుంది, ఆ కేసు ఇక తుక్కే. అంచు దగ్గర సన్నటి ఏటవాలు మెరుపు కనిపించగానే ఆపేయాలి. కేసుల్ని ముందే కంపెనీ ముద్ర ప్రకారం వేరుచేసుకుంటే సగం విసుగు తగ్గుతుంది.

పొడవు సంగతీ చూడాలి. గరిష్ఠం 1.760 అంగుళం, ట్రిమ్ 1.750. సైజ్ చేశాకే కొలవాలి, ముందు కొలిచిన కొలత పనికిరాదు, సైజింగ్‌లో కేసు సాగుతుంది. సెమీ ఆటో అయితే కాల్చిన కేసు షోల్డర్‌ని 0.003 నుంచి 0.004 అంగుళం వెనక్కి తోస్తే చాలు. బోల్ట్ యాక్షన్‌కి 0.001 నుంచి 0.002. కంపారేటర్ (షోల్డర్ ఎక్కడుందో కొలిచే పరికరం) లేకుండా డైని కంటితో సర్దితే షోల్డర్ ఎంత జరిగిందో తెలిసే మార్గం లేదు.

కొత్తచెయ్యి

కేసు డైలో ఇరుక్కుపోతే? ప్రెస్ హ్యాండిల్ పైకి రాదు, బలంగా లాగితే రిమ్ చిరిగి కేసు డైలోనే ఉండిపోతుంది. అప్పుడేం చేయాలి?

పాకెట్_రింగు

రిమ్ చిరిగిందంటే ఇక ప్రెస్‌తో పెనుగులాట ఆపేయాలి. డైని ప్రెస్ నుంచి తీసి, డీక్యాపింగ్ రాడ్‌ని వీలైనంత పైకి వదులు చేయండి. కేసు అడుగున ప్రైమర్ పాకెట్ గుండా డ్రిల్ చేసి, 1/4-20 ట్యాప్‌తో మర పెట్టండి. దానికి సరిపోయే డ్రిల్ బిట్ 7వ నంబరు. తర్వాత కేసు అడుగు మీద ఒక గొట్టం లాంటి కప్పు బోర్లించి, అందులోంచి బోల్టు దూర్చి రెంచితో బిగిస్తే కేసు ఆట్టే పెనుగులాట లేకుండా బయటికొస్తుంది. ఈ సామాను కిట్‌గానే దొరుకుతుంది, ముందే తెచ్చిపెట్టుకోవడం మేలు.

ఇరుక్కోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే, కేసు కింది సగానికి లూబ్ అందకపోవడం. స్ప్రే లూబ్ అయితే అందులోని ద్రావకం ఆరేదాకా ఆగాలి, తడిగా ఉన్నప్పుడే డైలో పెడితే లూబ్ లేనట్టే. అలాగని షోల్డర్ మీద దట్టంగా పూయొద్దు. అక్కడి లూబ్ పోయే దారి లేక షోల్డర్‌కి సొట్టలు పెడుతుంది. చిన్న సొట్ట కాల్చినప్పుడు సరైపోతుంది, లోతుగా మడతపడితే పారేయాలి.

రిమ్‌పట్టు

నా లెక్కలో అన్నిటికంటే ఓపిక పరీక్షించేది .303 బ్రిటిష్. 1888 నుంచి ఉన్న తూటా. మూతీ బాగుంటుంది, సీటింగూ సుళువే. చిక్కంతా కేసు ఆయుష్షులో. లీ-ఎన్‌ఫీల్డ్ చాంబర్లని మట్టీ బురదా ఉన్నా తూటా పోయేలా షోల్డర్ దగ్గర చాలా వదులుగా కోశారు. హెడ్‌స్పేస్ రిమ్ మీద, 0.064 నుంచి 0.074 అంగుళం వరకు అనుమతి. కొత్త కేసు మొదటిసారి పేలినప్పుడే షోల్డర్ ముందుకి పరుగెత్తుతుంది, అడుగు వెనక్కి వచ్చి బోల్టుకి ఆనుకుంటుంది, మధ్యలో ఇత్తడి సాగి పలచబడుతుంది. ఇక ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ సైజ్ చేసి షోల్డర్‌ని మళ్లీ వెనక్కి తోస్తే అదే చోట మళ్లీ సాగుతుంది. కొద్ది కాల్పుల్లోనే అడుగు తెగి, ముందు సగం చాంబర్‌లో ఉండిపోతుంది.

దీనికి మంచి ఉపాయం ఉంది. కొత్త కేసు మొదటి కాల్పుకి రిమ్ ముందు, కేసు చుట్టూ సరిపోయే సన్నటి రబ్బరు ఓ-రింగ్ తొడగాలి. అది కేసు అడుగుని బోల్టుకి ఆనించి పట్టుకుంటుంది. సాగడం అంతా షోల్డర్ వైపే జరుగుతుంది, అడుగు దగ్గర ఇత్తడి మందం అలాగే ఉంటుంది. తక్కువ తూకపు లోడ్‌తో ఈ పని చేయాలి. ఆ తర్వాత ఆ కేసుల్ని అదే రైఫిల్‌కి కేటాయించి మెడ మాత్రమే సైజ్ చేయాలి.

క్యాలిపర్

దీంతోపాటు పేపర్‌క్లిప్ పరీక్ష కూడా. క్లిప్ నిటారుగా చేసి, కొసని లంబంగా వంచి, ఆ కొసని ఆకురాయితో పదును చేయండి. కేసు లోపలికి దించి గోడ వెంబడి అడుగు నుంచి పైకి మెల్లగా లాగండి. అడుగుకి కాస్త పైన కొస ఒక గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసు అయిపోయినట్టే. బయట మెరిసే గీత చూసి మాత్రమే పారేయొద్దు, సైజింగ్ డై ఆగిన చోట కూడా అలాంటి గీత పడుతుంది. లోపలి గాడే సాక్ష్యం.

బెల్టెడ్ మ్యాగ్నమ్‌లదీ (అడుగున బెల్టులాంటి ఉబ్బు ఉన్న కేసులు) ఇదే జబ్బు. .300 విన్ మ్యాగ్ లాంటి వాటిలో హెడ్‌స్పేస్ బెల్ట్ మీద ఉంటుంది కదా అని డైని షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించేస్తారు. షోల్డర్ అవసరానికి మించి వెనక్కి పోయి బెల్ట్‌కి సరిగ్గా పైన కేసు తెగుతుంది. బెల్ట్‌ని మర్చిపోండి, మామూలు కేసులా షోల్డర్ 0.002 అంగుళం వెనక్కి పోయేలా డై సర్దండి.

ముడుచుకున్న_షోల్డర్

.44-40కి న్యాయం చేయాలి. 1873 నాటిది, మూతి మందం హార్నెట్ అంతే. .45 కోల్ట్ అలవాటుతో దీన్ని పట్టుకున్నవాళ్లకి మొదటి డబ్బాలోనే విరక్తి పుడుతుంది. కేసు కొంచెం బాటిల్‌నెక్ కాబట్టి లూబ్ తప్పదు, కార్బైడ్ మీద ఆధారపడలేం.

ఎక్కువ కేసులు చచ్చేది క్రింప్ దగ్గర. బుల్లెట్ దిగుతూ ఉండగానే డై మూతిని ముడుస్తుంటుంది. మూతి ముడుచుకోవాల్సిన గాడి ఇంకా పైనే ఉంటుంది, ఇత్తడి ఎక్కడికీ పోలేక షోల్డర్ కింద ఉబ్బుతుంది. సీటింగ్, క్రింప్ వేర్వేరు దశల్లో చేయండి. కేసులన్నీ ఒకే పొడవుకి ట్రిమ్ చేయండి. ఒక కేసు 0.010 అంగుళం పొడవున్నా దానికి క్రింప్ ఎక్కువై నలుగుతుంది. ట్యూబ్ మ్యాగజైన్‌కి క్రింప్ మానలేం, స్ప్రింగ్ ఒత్తిడికి బుల్లెట్ లోపలికి దిగుతుంది. బుల్లెట్ ముక్కు కూడా చప్పగానే ఉండాలి.

ఇంకో పేచీ: అసలు బుల్లెట్ వ్యాసం .427, ఇప్పటి తుపాకులు చాలావాటికి .44 మ్యాగ్నమ్ లాగే .429 బ్యారెళ్లు. .429 బుల్లెట్ పెడితే ఆ తూటా బిగువైన పాత చాంబర్‌లోకి పోకపోవచ్చు. బ్యారెల్‌నీ చాంబర్‌నీ రెండిటినీ కొలిచాకే బుల్లెట్ తీసుకోవాలి.

షాట్‌కప్పు

మీరంతా ఇత్తడి గురించే మాట్లాడుతున్నారు. .410 షాట్‌గన్ షెల్ లోడ్ చేసి చూస్తే మిగతావన్నీ సులువనిపిస్తాయి. రెండున్నర అంగుళాల షెల్‌లో అర ఔన్సు షాట్ (సన్నటి గుళ్లు). అంతా ఇరుకే.

పౌడర్ బుషింగ్ రంధ్రం చాలా చిన్నది కాబట్టి రేణువులు అడ్డంపడతాయి. షాట్ కూడా డ్రాప్ ట్యూబ్‌లో ఇరుక్కుంటుంది, సన్న షాట్ అయితేనే సాఫీగా జారుతుంది. వాడ్ (పౌడర్‌కీ షాట్‌కీ మధ్య ఉండే భాగం) దించేటప్పుడు దాని పైనున్న షాట్‌కప్ రేకులు షెల్ మూతికి తగిలి బయటికి మడుచుకుంటాయి. అది గమనించకపోతే షాట్ రేకుల వెనక పడి క్రింప్ పైకి ఉబ్బుతుంది. మూతి పాతబడి చీలికలు వచ్చిన షెల్‌కి ఆరు మడతల క్రింప్ మధ్యలో కన్నం వదులుతుంది, సన్న షాట్ అందులోంచి రాలిపోతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం పౌడర్ పడని షెల్. ప్రైమర్ బలానికి వాడ్ బ్యారెల్ సగం దాకా వెళ్లి ఆగుతుంది. చప్పుడు తేడాగా వస్తే అక్కడే ఆగి, తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్ గుండా వెలుతురు చూడాలి. అడ్డం ఉండగా తర్వాతి షెల్ కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. ప్రెస్ మీద ప్రతి స్టేషన్‌లోనూ, వాడ్ పెట్టేముందు, లోపల పౌడర్ కనిపిస్తోందా అని చూసే అలవాటు .410కి ప్రాణం.

గ్రెయిన్‌లెక్క

షాట్‌కప్పు గారూ, పౌడర్ పడలేదనుకుంటే బార్ (పౌడర్ కొలిచి వదిలే పట్టీ) రెండోసారి జరపొచ్చా?

షాట్‌కప్పు

జరపొద్దు. ఎంత పడిందో తెలీనప్పుడు షెల్‌ని పక్కకి తీసి, పౌడర్ వంచేసి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెండోసారి జరిపితే సగం ముందే పడి ఉన్న షెల్‌లో ఒకటిన్నర చార్జి అవుతుంది.

కోసినకేసు

.300 బ్లాకౌట్‌ని 5.56 కేసుల నుంచి తయారుచేసేవాళ్లకి: కేసుని షోల్డర్ కింద కోసి, మిగిలిన ఒంటి భాగాన్నే కొత్త మెడగా మారుస్తాం. కాబట్టి కొత్త మెడ మందం అసలు కేసు గోడ మందం బట్టి ఉంటుంది. కొన్ని కంపెనీల కేసులకి గోడ మందం ఎక్కువ. లోడ్ చేశాక మెడ వ్యాసం 0.334 అంగుళం దాటకూడదు. బుల్లెట్ .308 కాబట్టి గోడకి 0.013 మాత్రమే జాగా. దాటితే బుల్లెట్ వదలడానికి చాంబర్‌లో చోటుండదు, పీడనం పెరుగుతుంది. మెడ మందం టర్న్ చేయడమో ఆ కంపెనీ కేసుల్ని వదిలేయడమో చేయాలి. ట్రిమ్ పొడవు కూడా వదలొద్దు, గరిష్ఠం 1.368 అంగుళం.

పూర్తయిన తూటాల్ని .223 డబ్బాలతో కలిసే చోట అస్సలు పెట్టొద్దు. కొన్ని .300 బ్లాకౌట్ తూటాలు .223 రైఫిల్ చాంబర్‌లోకి పోతాయి, ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ ముక్కలవుతుంది. మ్యాగజైన్లకి రంగు పట్టీ వేసి వేరుచేయడం కనీస జాగ్రత్త.

రిమ్‌పట్టు

మిగతావి గబగబా. 5.7×28: కేసు మీద పాలిమర్ పూత ఉంటుంది, తూటా చాంబర్ నుంచి సాఫీగా బయటికి రావడం ఆ పూత మీదే ఆధారపడి ఉంది. స్టీల్ పిన్నులతో తడి టంబ్లింగ్ చేస్తే పూత లేచిపోతుంది. గుడ్డతో తుడిచి వదిలేయండి. 7.62×54ఆర్ పాత సైనిక కేసులు: బెర్డాన్ ప్రైమర్, అడుగున రెండు చిన్న రంధ్రాలు, మధ్యలో కేసులో భాగంగానే ఉన్న మొన. డీక్యాపింగ్ పిన్ ఆ మొనకి తగిలి విరుగుతుంది, టార్చి వేసి చూసి వేరుచేయాలి. 7.62 నాగాన్ రివాల్వర్ తూటాలో బుల్లెట్ మొత్తం కేసు లోపలే ఉంటుంది, మూతి దాన్ని దాటి ముందుకి వచ్చి బ్యారెల్ లోపలికి దూరి గ్యాసుని ఆపుతుంది. బుల్లెట్‌కి పైన ఉన్న ఆ ఖాళీ మూతిని సన్నగా ముడవడానికి ప్రత్యేక డై లేకుండా పని జరగదు. .25 ఏసీపీ కేసు పొడవు 0.615 అంగుళం, వేళ్లకి అందదు. .50 బీఎంజీ డైలు 1½-12 మర, మామూలు 7/8-14 ప్రెస్‌లో ఎక్కవు, ప్రైమర్ కూడా వేరు, 0.315 అంగుళం.

పావుతిప్పు

ఇన్ని చదివాక నాకు అనిపించేది, విసుగు పుట్టించేవాటిలో .45 ఏసీపీ కూడా చేర్చాలని. తూటా ఎంత మంచిదో, కలగాపులగం కేసులు అంత చెడ్డవి. పెద్ద ప్రైమర్ 0.210, చిన్నది 0.175 అంగుళం. రెండు రకాల కేసులూ బజార్లో ఉన్నాయి, పైనుంచి చూస్తే తేడా తెలీదు. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో చిన్న పాకెట్ కేసులోకి పెద్ద ప్రైమర్‌ని తోస్తే ప్రైమర్ నలిగి పేలే అవకాశం ఉంది, కింద ప్రైమర్ల ట్యూబ్ నిండుగా ఉంటుంది. హ్యాండిల్ గట్టిగా తగలగానే ఆపాలి. డీక్యాప్ చేయకముందే అడుగులన్నీ పైకి పెట్టి ట్రేలో పరిచి చూస్తే చిన్న పాకెట్లు ఇట్టే కనిపిస్తాయి.

9ఎంఎంలోనూ లోపల మెట్టు ఉన్న కేసులు వస్తాయి. ఆ మెట్టు వల్ల లోపలి జాగా తగ్గుతుంది, మెట్టు దగ్గర కేసు తెగే ప్రమాదం ఉంది. మూతిలోకి టార్చి వేసి మెట్టు కనిపిస్తే తుక్కులో వేయండి.

ముడుచుకున్న_షోల్డర్

కేసులు కలిసిపోవడం మన నిర్లక్ష్యం, తూటా తప్పు కాదు. ఏరిపెట్టుకుంటే .45 అంత సులువైనది లేదు. .44-40 కేసుల్ని ఎంత ఏరినా, ఎంత ఒకేలా ట్రిమ్ చేసినా మూతి పలచన పోదు. జాబితాలో దానికీ దీనికీ ఒకే చోటు ఇవ్వలేం.

ఇత్తడిమూతి

ఒప్పుకుంటున్నా, విడివిడిగా చూడాల్సినవే. పలచటి మూతి వాటికే ఇంకో ప్రశ్న. హార్నెట్, .44-40 కేసులు నలగకుండా కాపాడినా మెడ చీలుతోంది. అనీలింగ్ (మెడని వేడిచేసి మెత్తబరచడం) చేస్తే ఆగుతుందా? పొట్టి కేసు కదా, అడుగు వేడెక్కిపోదా?

నెక్‌బిగువు

ఆగుతుంది, కానీ హార్నెట్‌కి చాలా నాజూగ్గా చేయాలి. సైజింగ్, క్రింప్ పదేపదే చేస్తే ఇత్తడి గట్టిబడి పెళుసవుతుంది, చీలిక అందువల్లే. మెడకి దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ తగలాలి, కేసు ఒంటి కింది భాగం మాత్రం 245 దాటకూడదు. ఈ రెండు ఉష్ణోగ్రతలకీ కరిగే టెంపిలాక్ ద్రావణాలు దొరుకుతాయి. ఎక్కువ డిగ్రీలది మెడ లోపల, తక్కువది షోల్డర్‌కి కాస్త కింద బయట పూయండి. ప్రైమర్ తీసేసిన ఖాళీ కేసుని లోతైన సాకెట్‌లో పెట్టి డ్రిల్‌తో మెల్లగా తిప్పుతూ మంట కొసని మెడ మీద పట్టాలి. లోపలిది కరగగానే మంట తీసేయాలి. పలచటి ఇత్తడి కాబట్టి కొద్ది సెకన్లే పడుతుంది. బయట పూసిందీ కరిగిందంటే అడుగు మెత్తబడి ఉండొచ్చు, ఆ కేసు వాడొద్దు. మెడ ఎర్రగా మెరిసేదాకా కాల్చొద్దు, అప్పటికే మించిపోయినట్టు.

చల్లారాక ఒక్క కేసుకి సైజింగ్, సీటింగ్ చేసి పైన క్యాలిపర్ గారు చెప్పిన బల్ల పరీక్ష పెట్టండి. మెడ అతిగా మెత్తబడితే బుల్లెట్ వేలి ఒత్తిడికే దిగిపోతుంది. అలా దిగితే మిగతా కేసులకి మంట పట్టే సమయం తగ్గించండి.